ఎడమ కనుబొమకి ఒక సర్టిఫికెట్

దర్జీ కొట్టు పైన, మన పార్లర్ నుంచి

బుడంకాయా,

నువ్వు క్షేమమని తెలుసు కాబట్టి అడగను. నేను క్షేమమా అని నువ్వూ అడక్కు, ఒళ్లు మండిపోతోంది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, పోయినసారి మేనత్తా మేనకోడళ్లం ఫోన్లో అరుచుకుంటుంటే కింద దర్జీ పిన్ని మిషన్ ఆపి మరీ విన్నదట. కాగితం మీదైతే నా మాటకి నువ్వు అడ్డం రాలేవు. అందుకని ఇక నుంచి ఉత్తరాలే.

సంగతేమిటంటే, మన బిల్డింగు అమ్ముడుపోయింది. కొత్త ఓనరు మెట్లెక్కి పైకొచ్చాడు. అద్దాలు చూశాడు, కుర్చీలు చూశాడు, "శుభ్రంగా ఉంచారమ్మా" అన్నాడు. నేను పొంగిపోయి టీ కూడా ఇచ్చాను. టీ తాగేశాక బయటపెట్టాడు అసలు మాట. కస్టమర్‌కి మా వల్ల ఏదైనా హాని జరిగితే ఆదుకోవడానికి ప్రతి కొట్టుకీ ఇన్సూరెన్స్ ఉండాలట. లేనివాళ్లకి ఏడాది చివర్లో లీజు మళ్లీ రాయడట. ఆ గ్లాసు కడుగుతూ ఎన్ని తిట్టుకున్నానో.

సరే, కడితే ఇచ్చేదే కదా అని ఏజెంటుని పిలిపించాను. పెద్ద బ్యాగు తగిలించుకుని వచ్చి, మీరేమేం చేస్తారని అడిగాడు. కనుబొమలు తీస్తాను, వాటికి రంగు వేస్తాను, ఫేషియల్, చేతులు, గోళ్లు అని చెప్పాను. "ఒక్కోదానికీ ట్రైనింగ్ సర్టిఫికెట్ చూపించండమ్మా" అన్నాడు. నేను నా రెండు చేతులూ ముందుకి చాపాను. పాపం, వాటిలో ఏదో ఉందనుకుని వంగి చూశాడు.

ఏ పనికి సర్టిఫికెట్ ఉంటే ఆ పనికే ఇన్సూరెన్స్ అట. "అయితే ఎడమ కనుబొమకి ఒకటి, కుడి కనుబొమకి ఒకటి తెచ్చుకోవాలా నాయనా?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆఫీసులో కనుక్కుని చెబుతానండీ" అన్నాడు. దర్జీ పిన్ని ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

ఎంతమంది పెళ్లికూతుళ్లని తయారుచేశాయే ఈ చేతులు! నీకు మొదటిసారి దారం పట్టుకోవడం నేర్పింది ఎవరు? ఇప్పుడు నాకు పని వచ్చని ఒక కాగితం చెప్పాలా? నువ్వు ట్రైనింగ్ సెంటర్లో గోళ్ల టీచరువి కదా, ఈ గోల తప్పించుకునే దారేదైనా ఉంటే రాయి. దారి ఉంటేనే రాయి. నీతులైతే వద్దు.

ఇట్లు,
సర్టిఫికెట్ లేని మీ అత్త


ట్రైనింగ్ సెంటర్, స్టాఫ్ రూము

సర్టిఫికెట్ లేని మా అత్తకి,

ఏజెంటు వంగి చూసిన చోట పకపకా నవ్వేశాను. స్టాఫ్ రూములో అందరూ తలలు తిప్పారు. ఏమని చెప్పను? మా అత్త సంగతి మీకు తెలీదులెండి అన్నాను.

దారి ఉంది. తప్పించుకునేది మాత్రం కాదు. నీలాగా ఏళ్ల తరబడి పని చేసినవాళ్లు పూర్తి కోర్సు చదవక్కర్లేదు. ఒక వారం ఇక్కడికొచ్చి జాగ్రత్తల గురించి క్లాసులు వింటే చివర్లో పరీక్ష పెడతారు. ముందు ముఖం, తర్వాత చేతులు. పాసైతే నువ్వు చెప్పిన పనులన్నిటికీ సర్టిఫికెట్ వస్తుంది. రెండు కనుబొమలకీ ఒకటే, భయపడకు.

అత్తా, ఇన్సూరెన్స్ వాళ్లు నిన్ను అవమానించడం లేదు. నీ పని వాళ్లెప్పుడూ చూడలేదు, అంతే. రేపు ఎవరికో చర్మం కమిలి, వాళ్లు కోర్టుకెక్కితే, నీ తరఫున నిలబడి ఖర్చు భరించాల్సింది వాళ్లు. మరి ఈవిడ పని నేర్చుకున్న మనిషేనా అని అడగరా? నీ కొట్టులో కొత్తమ్మాయిని పెట్టుకునేటప్పుడు నువ్వు అడగవా?

నేను ఇక్కడ పిల్లలకి మొట్టమొదట ఏం చెబుతానో ఎప్పుడూ నీతో అనలేదు. సెలవుల్లో మన కొట్టులో స్టూలు మీద నిలబడి దూది ఉండలు చుట్టేదాన్ని కదా. ఎవరొచ్చినా, ఎంత తొందరలో వచ్చినా, నువ్వు ముందు కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ల చేతులు అటూ ఇటూ తిప్పి వెలుగులో చూసేదానివి. ఆ తర్వాతే అరలోంచి సామాను దించేదానివి. నేనూ అదే చెబుతాను. మా సెంటర్లో దానికి "కిటికీ రూలు" అని పేరు పడిపోయింది. అది ఎవరిదో ఎవరికీ తెలీదు. నాకు తెలుసు.

రా అత్తా. నీకు నేను పరీక్ష పెట్టను, బంధువులకి పెట్టనివ్వరు. మా పెద్ద మేడం పెడతారు. బ్యాంకావిడని అడిగానని చెప్పు. ప్రతి శనివారం వచ్చే మనిషి, ఈమధ్య నీ కబుర్లలో ఆవిడ ఊసే లేదు.

నీ బుడంకాయ


మళ్లీ పార్లర్ నుంచే, ఇంకెక్కడికి పోతాను

టీచరమ్మగారికి,

నీతులు వద్దన్నాను. బోలెడు పంపావు.

నువ్వు బోర్డు దగ్గర నిలబడి చెబుతుంటే, నేను బెంచీ మీద కూర్చుని వినాలా? ముక్కు కారుతుంటే నేను తుడిచిన పిల్ల నాకు చేతులు కడుక్కోవడం నేర్పుతుందా? ఈ వీధిలో నాకంటే ముందు కొట్టు తెరిచినవాళ్లు లేరు. రెండు వీధుల అవతల ఉన్న పార్లర్ల వాళ్లందరూ ఏదో ఒకప్పుడు నా దగ్గర పని చేసినవాళ్లే. వాళ్లకి తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? లీజు పోతే పోనీ, ఇంట్లో ముందు గదిలో రెండు కుర్చీలు వేసుకుంటాను.

కిటికీ సంగతి మాత్రం బాగుంది. నువ్వు చూస్తున్నావని నాకు తెలీదు. దూది చుడుతున్నావనుకున్నాను.

బ్యాంకావిడ ఊరెళ్లింది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు. కనుబొమలకి రంగు వేయడం మానేశాను, ఎవరూ అడగడం లేదు. దర్జీ పిన్ని కొత్త మిషన్ కొంది, అది పాతదానికంటే ఎక్కువ చప్పుడు చేస్తోంది. ఇంకేం విశేషాలు లేవు.

మీ అత్త


సెంటర్ వెనక, హాస్టల్ గది

అత్తా,

బ్యాంకావిడ ఊరెళ్లలేదు. నిన్న నాకు ఫోన్ చేసింది.

నీ మీద చెప్పడానికి కాదు. కనుబొమలకి వేసే రంగుల్లో ఏముంటుంది, ఇకముందు తను ఏది వాడకూడదు అని అడగడానికి చేసింది. నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. ఎప్పుడూ వాడే రంగు దొరక్క వేరే కంపెనీది తెచ్చావట. ఇరవై ఏళ్లుగా చూస్తున్న ముఖమే కదా అని నేరుగా వేసేశావట. తెల్లారేసరికి ఆవిడకి రెండు కళ్లూ తెరుచుకోలేదట. నువ్వు కొట్టుకి తాళం వేసి ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, వాపు తగ్గేదాకా వాళ్లింట్లోనే ఉండి తడిగుడ్డలు మార్చావట. "మీ అత్తకి నేను చెప్పానని చెప్పకమ్మా, చిన్నబుచ్చుకుంటుంది" అంది. ఇదిగో, చెబుతున్నాను.

ఆవిడ కేసు వేయదు. అది నీ అదృష్టం. ఇంకొకళ్లయితే వేసేవాళ్లు, కొట్టుతోపాటు ఇల్లూ పోయేది. అప్పుడు ముందు గదిలో కుర్చీలు ఎక్కడ వేసేదానివి?

చెవి వెనక ఒక్క చుక్క, అత్తా. అంతే. చుక్క పెట్టి రెండు రోజులు ఆగితే, పడని చర్మమైతే అక్కడే ఎర్రబడి చెప్పేస్తుంది. సీసా మారిన ప్రతిసారీ పెట్టాలి. కొత్తవాళ్లకైనా, ఇరవై ఏళ్లవాళ్లకైనా. ఆవిడ చర్మం నీకు తెలుసు, నిజమే. ఆ సీసా నీకు తెలీదు. పరీక్షకి ముందు ఆ వారంలో చెప్పేవి ఇలాంటివే.

నాకు కోపం ఎందుకో తెలుసా? పొరపాటు జరిగినందుకు కాదు. ఒక్కదానివే మోసుకుంటూ, నాకు "ఊరెళ్లింది" అని రాసినందుకు. కళ్లు మూతపడింది ఆవిడకి. మూసుకుంది నువ్వు.

ఇంకేం రాయలేను.


పార్లర్

బుడంకాయా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చారు. ఎవరూ రాని రోజున కూడా రాయలేదు.

నేను పిలిస్తే కళ్లు మూసుకుని నా చేతికి ముఖం అప్పజెప్పే మనిషి ఆవిడ. తడిగుడ్డ మారుస్తుంటే, "మీ చేయి చల్లగా ఉందండీ" అంది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

వస్తాను.

కానీ ఒక షరతు. నేను నీ మేనత్తనని అక్కడ పురుగుకి కూడా తెలియకూడదు. పాసైతే నా చేతుల వల్ల పాసవ్వాలి, నీ వల్ల పాసైందని ఒక్కరు గొణిగినా నేను భరించలేను. ఫెయిలైతే నీ పరువు పోకూడదు. నన్ను "అమ్మా" అను, లేకపోతే ఏమీ అనకు. నేను నిన్ను "మేడం" అంటాను. నవ్వావో, చెవి మెలేస్తాను.

చేతుల పరీక్షకి మన మనిషినే మనం తెచ్చుకోవాలని సెంటర్ కాగితంలో ఉంది. దర్జీ పిన్ని వస్తానంది. జీవితంలో గోళ్లకి రంగు వేసుకోని మనిషి, కొత్త చీర కొనుక్కున్నంత సంబరంగా ఉంది.

అత్త


స్టాఫ్ రూము తలుపు కింద తోసిన చీటీ

మేడంగారికి,

గ్లవ్స్ వేసుకుంటున్నాను కదా, చేతులు కడగడం ఎందుకని అడిగినందుకు క్లాసులో అందరి ముందూ నన్ను నిలబెట్టారు. మీరు చెప్పింది కరెక్టే. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

గదిలో నాతో ఉన్న పిల్లలు మొదట ఆంటీ అన్నారు, ఇప్పుడు అత్తా అంటున్నారు. రోజూ సాయంత్రం వాళ్లకి దారం ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాను. మీరు సన్నబడ్డారు. సరిగ్గా తినండి.

చివరి బెంచీలో కూర్చునే అమ్మ


పార్లర్ నుంచి

బుడంకాయా,

నీకు చెప్పకుండా బస్సెక్కినందుకు తిట్టు. పడతాను.

ముఖం పరీక్ష బాగానే అయింది. చెవి వెనక చుక్క గురించి మీ పెద్ద మేడం అడిగితే ఎవరూ నాలాగా చెప్పి ఉండరు. ఇంక చేతులు. దర్జీ పిన్ని తల దువ్వుకుని, పౌడరు రాసుకుని వచ్చి కూర్చుంది. అక్కడ కిటికీ దూరంగా ఉంటే, బల్ల జరుపుకోవచ్చా అని అడిగి వెలుగు దగ్గరికి జరిపించాను. కుడిచేయి చూశాను, బాగుంది. ఎడమచేయి తిప్పాను. బొటనవేలి గోరు పక్కన ఎర్రగా ఉబ్బి, లోపల పసుపు రంగు చీము కనపడింది. సూది గుచ్చుకుందట. పరీక్ష పాడవుతుందని నాకు చెప్పకుండా పౌడరు అద్దుకుని వచ్చింది, పిచ్చిది.

మన కొట్టులో అయితే ఏం చేసేదాన్ని? నాలుగు తిట్లు తిట్టి, ఆ ఒక్క వేలు వదిలేసి మిగతావి చేసేసేదాన్ని. ఎన్నిసార్లు చేయలేదు! కానీ నువ్వు బోర్డు దగ్గర చెప్పింది చెవుల్లో మోగుతోంది. గోళ్లు అరగదీసే అదే ఆకురాయి, అదే నీళ్ల గిన్నె, ఒక వేలి చీము మిగతా వేళ్లకి పాకడానికి ఎంతసేపు అన్నావు. పిన్ని నా చెయ్యి గిల్లింది. "చెయ్యవే, నాకేం నొప్పి లేదు, నీ కొట్టు పోతుందే" అని గుసగుసలాడింది. దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఈ చేయి చేయకపోతే సర్టిఫికెట్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, లీజు లేదు.

ఆకురాయి కింద పెట్టేశాను. "ఈ చేతికి నేను చేయనండీ, డాక్టరుకి చూపించి తగ్గాక చేస్తాను" అని మేడంతో అన్నాను. ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఏదో రాసుకుని పక్క బల్లకి పోయింది. చుట్టూ పిల్లల బల్లల మీద ఎర్రగా, మెరుస్తూ గోళ్లు. నా బల్ల మీద ఖాళీ తువ్వాలు. పిన్ని ఏడుస్తోంది. దాన్ని లేవదీసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, అటునుంచి అటే బస్సెక్కించాను.

ఫెయిలయ్యాను. కానీ ఒకటి చెబుతాను విను. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు. తలెత్తుకునే కూర్చున్నాను. బ్యాంకావిడ విషయంలో తల దించుకున్నాను చూడు, అలా అనిపించలేదు. ముందు గదిలో కుర్చీలు ఎక్కడ వేయాలో చూసుకుంటున్నాను. కిటికీ చిన్నది, అదొక్కటే బాధ.

అత్త


ట్రైనింగ్ సెంటర్, వరండా మెట్ల మీద కూర్చుని

అత్తా, అత్తా, అత్తా,

కుర్చీలు జరపడం ఆపు. ముందు ఇది చదువు.

మా పరీక్షలో చేతులకి రెండు భాగాలు. పని చేయడం రెండోది. మొదటిది, మనిషిని చూసి పని చేయవచ్చా లేదా అని తేల్చడం. అది తప్పితే రెండో దానికి మార్కులే వేయరు. చేయకూడని చేతికి చేస్తే ఎంత అందంగా చేసినా ఫెయిలే. నువ్వు మొదటిది పాసయ్యావు. పాసవ్వడం కాదు, మా మేడం ఇన్నేళ్లలో పరీక్ష మధ్యలో ఆకురాయి కింద పెట్టిన మనిషిని చూడలేదట. అందరూ ఎలాగోలా పూర్తి చేసేయాలనే చూస్తారట. ఆవిడ మాట్లాడకపోవడం రూలు, అంతే. మధ్యలో ఔనూ కాదూ అనకూడదు. పక్క బల్ల చూసి తిరిగొచ్చి, ఇంకొక మనిషితో మళ్లీ రమ్మని చెబుదామనుకుంటే, నువ్వు అప్పటికే మాయమయ్యావు. నీ కోసం హాస్టలంతా వెతికించారు.

మొదటి భాగం పరీక్ష నీకు మళ్లీ పెట్టరు. వచ్చే నెల వచ్చి పని చేసి చూపిస్తే చాలు. ఏడాది చివరికి ఇంకా టైముంది.

ఇంక నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. నీ షరతు తప్పాను.

మేడం బయటికొచ్చి వరండాలో అందరి ముందూ, "ఆ చివరి బెంచీ ఆవిడ ఎవరు? పోటీ పరీక్షలాగా అందరూ చేతులు ఆడిస్తుంటే ఆవిడ ఆగింది" అన్నారు. నేను నోరు మూసుకోవాల్సింది. ప్రయత్నించాను. కానీ గొంతులోంచి దానంతట అదే వచ్చేసింది. "మా అత్త!" అని అరిచాను. వరండా చివర ఉన్నవాళ్లు కూడా వెనక్కి తిరిగారు. ఊరుకున్నానా? "కిటికీ రూలు ఎవరిదనుకున్నారు? ఆవిడదే!" అని కూడా అరిచాను. హాస్టల్ పిల్లలు ఈలలు వేశారు. అత్తా, ఈ సెంటర్లో నాకు ఉద్యోగమొచ్చిన రోజున కూడా నాకింత గర్వం కలగలేదు.

చెవి మెలేస్తావని తెలుసు. రెండు చెవులూ రెడీగా ఉంచాను. పిన్ని వేలు ఎలా ఉంది?

నీ బుడంకాయ


దర్జీ కొట్టు పైన, మన పార్లర్ నుంచి, మనదే

బుడంకాయా,

రెండోసారి నాతో ఎవరొచ్చారో చూసి నీ నోరు తెరుచుకుపోవడం నేను చూశాను. ఎలా వచ్చిందో నీకు చెప్పే తీరిక దొరకలేదు, ఇప్పుడు విను. పిన్ని వేలు తగ్గింది గానీ భయంతో రానంది. ఎవరిని అడగాలా అని ఆలోచిస్తుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బ్యాంకావిడ. ఎన్నాళ్లకో! వచ్చి నేరుగా కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ బల్ల మీద పెట్టి, "కింద దర్జీ ఆవిడ చెప్పింది, చేతులు కావాలటగా. ఇవి పనికొస్తాయా చూడండి" అంది. మీ ముఖం వాచేలా చేసిన మనిషితో బస్సెక్కి పరీక్షకి వస్తారా అని అడిగాను. "వాచేలా చేసిందీ మీరే, వాపు తగ్గేదాకా కదలనిదీ మీరే. ఇంకెవరితో వెళ్లను?" అంది. మళ్లీ వంటింట్లోకి పోవాల్సింది, కొట్టులో వంటిల్లు లేదు కాబట్టి ఆవిడ ముందే ఏడ్చేశాను.

పరీక్షలో ఆవిడ గోళ్లు ఎలా వచ్చాయో నువ్వు చూశావుగా. నేను చెప్పుకుంటే బాగుండదు. అద్దంలా వచ్చాయి.

సర్టిఫికెట్ వచ్చింది. ఫ్రేము కట్టించాను. ఎక్కడ తగిలించాలో దర్జీ పిన్ని టేపు పెట్టి కొలిచింది, అయినా కాస్త వంకరగా వచ్చింది. మా ఏజెంటు బ్యాగుతో సహా వచ్చి, రెండు కనుబొమలతో సహా అన్నీ కవరవుతాయని పాలసీ చేతికిచ్చాడు. మొదటి రోజు నేనడిగింది జోకు అని ఆఫీసులో వాళ్లు చెబితేగానీ తెలీలేదట. ఓనరు లీజు రాసిచ్చి, శుభ్రంగా ఉంచారమ్మా అని మళ్లీ అన్నాడు. ఈసారి సంతకం అయ్యాకే టీ ఇచ్చాను.

నిన్న శనివారం. బ్యాంకావిడ కనుబొమలకి రంగు కావాలంది. చెవి వెనక చుక్క పెట్టి, ఎల్లుండి రండి అన్నాను. "నాక్కూడానా?" అంది. "మీకే ముందు" అన్నాను. పక్క కుర్చీలో ఒక కొత్తావిడ కూర్చుని ఫ్రేము కేసి చూస్తోంది. "ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరడిగినా, నా అంతట నేనే నేర్చుకున్నానని చెప్పేదాన్ని. నిన్న మాత్రం చేతిలో పని ఆపి, కింద పిన్నికి కూడా వినపడేలా చెప్పాను. మా మేనకోడలి దగ్గర అని.

"మరి ఆ అమ్మాయికి ఎవరు నేర్పారో అది కూడా చెప్పండి" అని బ్యాంకావిడ నవ్వింది.

నేను చెప్పలేదు. అది నువ్వు చెప్పుకుంటావుగా, వరండాలో అరిచి మరీ.

ఇట్లు,
చివరి బెంచీలో కూర్చున్న నీ స్టూడెంటు,
అయినా నీ చెవి మెలేసే హక్కున్న మీ అత్త